ఊరు పోగేసిన చందా పిల్లల పేరున వెయ్యడం ఎలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి మూడేళ్ల కిందట పోయాడు, తల్లి మొన్న జ్వరంతో పోయింది. 12 ఏళ్ల పాప, 7 ఏళ్ల బాబు అవ్వ దగ్గరున్నారు. బోటుకింత అని కాపులు (ఊరి పెద్దలు) దురాయి (ఊరి కట్టుబాటు) పెడితే లక్షా ఎనభై వేలు పోగైంది. బ్యాంకులో అవ్వను గార్డియన్‌గా ఒప్పుకోవడం లేదు. ఒక బంధువు బాబును దత్తతకిమ్మని స్టాంపు కాగితం తెచ్చాడు. ఏం చెయ్యాలి?

జవాబు: బ్యాంకు వాళ్లను తిట్టుకోకండి. దురాయి ఊళ్లో చెల్లుతుంది గానీ బ్యాంకు కౌంటర్లో చెల్లదు. పెంచేది అవ్వే అయినా, చట్టం లెక్కలో సహజ సంరక్షకులు తల్లీతండ్రీ. పాపకు పదేళ్లు దాటాయి కాబట్టి తన ఖాతా తనే తెరవచ్చు. (సుకన్య సమృద్ధి మాత్రం పదేళ్లు దాటితే కుదరదు.) బాబు కోసం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో అవ్వ పేరున పిటిషన్ వేయించండి. ఆర్డరు వచ్చేదాకా సొమ్మును ఊళ్లో నమ్మకమున్న ముగ్గురి పేరున జాయింటు ఖాతాలో వేసి, ముగ్గురూ సంతకం పెడితేనే తీసేలా రాయించండి. నగదు ఎవరింట్లోనూ ఉంచొద్దు, ఎంత మంచివాళ్లయినా సరే.

లాయరు ఫీజు ఆ చందాలోంచి కట్టకండి, లాయరునైన నేనే చెబుతున్నా. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరును ఇవ్వాలి. 15100కు ఫోన్ చేయండి.

అసలు మీరు అడగని సంగతి ఒకటుంది. ఈ పిల్లల్ని జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లారా? వెళ్తే హోముకు పట్టుకుపోతారని ఊళ్లల్లో భయం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మాత్రం హోమును చిట్టచివరి దారిగానే పెట్టింది, అయినవాళ్ల దగ్గర పెరగడమే ముందు. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం స్పాన్సర్‌షిప్ కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి, మంజూరుకు ముందు వాళ్లు ఇంటికొచ్చి విచారిస్తారు. మీ చందా ఒక్కసారితో సరి, ఇది నెలనెలా వచ్చేది.

ఇక ఆ స్టాంపు కాగితం మీద ఎవరూ వేలిముద్ర వెయ్యొద్దు. అది దత్తత కాదు. అనాథ బిడ్డను చట్టం చెప్పిన పద్ధతి తప్పించి దత్తతకిస్తే, తీసుకుంటే ఆ జువెనైల్ జస్టిస్ చట్టమే 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. బంధువుకు నిజంగా మనసుంటే కమిటీ దగ్గరే అడగమనండి. అక్కా తమ్ముణ్ణి విడదీయడం గురించి పాపనూ ఒక మాట అడగండి, ఆమె మాట కమిటీ కూడా వింటుంది.

వీటన్నిటికీ ముందు అడిగేది మరణ ధ్రువపత్రం. తల్లి పోయి 21 రోజులు దాటలేదంటే రేపు పొద్దున్నే పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించండి.