బీరువాలోని పుస్తకాలు, తండాలోని పిల్లలు

ప్రశ్న: నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక తండాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. ఒక దాత మా బడికి 120 కథల పుస్తకాలు ఇచ్చారు. పిల్లలు చింపుతారన్న భయంతో అవి ఏడాదిగా బీరువాలోనే ఉన్నాయి. పిల్లలు ఇంట్లో గోర్ బోలి (లంబాడీల భాష) మాట్లాడుతారు, తెలుగు వాచకాన్ని కూడబలుక్కుని చదువుతారు. దీపావళి దాటాక కొందరు తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీలకు వెళ్లిపోతారు. ఇటువంటి చోట పుస్తక సంఘం నడుస్తుందా?

జవాబు: నడుస్తుంది, కాని ముందు ఆ బీరువా తాళంచెవి పిల్లల చేతికి రావాలి. పుస్తకాలు చిరుగుతాయి, అది నిజమే. అయితే పదిమంది చేతుల్లో నలిగి చిరిగిన పుస్తకం తన పని తాను చేసినట్టే. ఏడాదిపాటు ఎవరూ ముట్టని పుస్తకమే మీకు అసలైన నష్టం. నాలుగో, ఐదో తరగతి పిల్లలు ఇద్దరికి రిజిస్టరు అప్పగించండి. చిరిగిన పేజీలను లైపిండితో అతికించడం, పాత క్యాలెండరు కాగితంతో అట్టలు వేయడం వాళ్లకే నేర్పండి. తాము అతికించిన పుస్తకాన్ని పిల్లలు మనకన్నా జాగ్రత్తగా చూసుకుంటారు.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. నిజాం పాలనలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ రెండవ సమావేశం 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది మీ దేవరకొండలోనే. నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో సాగుతుండగా ఇంటి భాషకు బడిలో చోటు లేకపోయింది కనుకనే, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది, ఆ వెనుక ఊళ్లలోనూ తెలుగు గ్రంథాలయాలు పుట్టాయి. ఆనాడు తెలుగు పిల్లవాడు ఉర్దూ బడిలో పడిన ఇబ్బందినే ఈనాడు మీ తండా పిల్లవాడు తెలుగు బడిలో పడుతున్నాడు. అందువల్ల తెలుగు చక్కగా వచ్చాకే కథల పుస్తకం ఇద్దామని ఆగకండి.

వారానికి రెండు రోజులు, పావుగంట చొప్పున, బొమ్మలు అందరికీ కనిపించేటట్టు పట్టుకుని మీరే పైకి చదవండి. పిల్లలు కథ గురించి గోర్ బోలిలో మాట్లాడుకుంటే మాట్లాడుకోనివ్వండి. చదవడం అయిన వెంటనే నీతి ఏమిటని అడగవద్దు. ఆ ప్రశ్న వినపడగానే కథ కాస్తా పాఠమైపోతుంది. (మా తరానికి కథలంటే విసుగు పుట్టించింది చాలావరకు ఆ ప్రశ్నే.) నెలకొకసారి మాత్రం ఎదురు పని ఒకటి చేయించండి: ఇంట్లో యాడి (అమ్మ) చెప్పిన కథను ఒకరు గోర్ బోలిలో చెబితే, మిగతావారు తెలుగు లిపిలో రాసి, బొమ్మలు వేసి, దారంతో కుట్టి పుస్తకం చేస్తారు. బీరువాలోని 121వ పుస్తకం అదే కావాలి. అంతవరకు వరుసలో వెనుక కూర్చున్న పిల్లవాడు ఆ పుస్తకం చదివి వినిపించడానికి ముందుకొస్తాడు.

బట్టీలకు వెళ్లే పిల్లల సంచిలో, బయలుదేరే ముందురోజే, మూడేసి పుస్తకాలు పెట్టండి. కొన్ని తిరిగి రావు. వాటిని పోయినవిగా కాక, వేసవిదాకా ఇచ్చినవిగా రిజిస్టరులో రాసుకోండి. తిరిగొచ్చిన పిల్లలను మొదటి రోజు పుస్తకాల లెక్క అడగకుండా, అక్కడ ఎవరెవరికి చదివి వినిపించారో చెప్పమనండి.

కొత్త పుస్తకాలకు మళ్లీ దాత కోసం ఎదురుచూడనక్కరలేదు. 2015లో మొదలైన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవచ్చు, మరో భాషలోకి మార్చుకోవడానికీ అనుమతి ఉంది. నేషనల్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం ప్రచురణలు తక్కువ ధరకే వస్తాయి. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది కాబట్టి, జిల్లా గ్రంథాలయ సంస్థకు పంచాయతీ ద్వారా ఒక వినతి రాయించడం మీ హక్కే.

ప్రశ్న: అచ్చంపేటలోని ఒక వసతి గృహంలో ఆదివారాలు పుస్తక సంఘం నడుపుతున్నాను. ఆరో తరగతి అబ్బాయి ఒకడు రెండు నెలలుగా ఒకే పుస్తకం తీసుకువెళుతున్నాడు. వేరేది తీసుకొమ్మని చెప్పాలా?

జవాబు: చెప్పనక్కరలేదు. తడుముకుంటూ చదివే పిల్లలకు తెలిసిన వాక్యాన్ని మళ్లీ చదవడంలో ధైర్యం వస్తుంది. తడబాటు లేకుండా ఒక పుస్తకం చివరిదాకా చదవగలగడం వాడికి బహుశా ఇదే మొదటిసారి కావచ్చు. చిన్న తరగతి పిల్లలకు దాన్ని చదివి వినిపించమని అడిగి చూడండి. ఈలోగా ఆ పుస్తకం రెండో ప్రతి ఒకటి కొని ఉంచండి, ఎందుకంటే వాడు అంతగా పట్టుకుని తిరిగే పుస్తకాన్ని మిగతావాళ్లు కూడా అడగడం మొదలుపెడతారు.