చెరువు లీజుకు తీసుకునే ముందు జనరేటర్ బ్యాటరీ చూసుకోండి

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి భీమవరం దగ్గర రొయ్యల చెరువు లీజుకు తీసుకుంటానంటున్నారు. ధైర్యం చేసి దిగాలా, అన్నీ నేర్చుకున్నాకే దిగాలా అని మీ ప్రశ్న. "దిగండి, అదే వస్తుంది" అనేవాళ్లలో సగం మంది మేత అమ్ముకునేవాళ్లే. ముందు అది గుర్తుపెట్టుకోండి.

మా బాబాయి ఆకివీడు వైపు వనామీ రకం రొయ్య వేస్తాడు. ఊళ్లో ఆయనకు పిరికివాడని పేరు. కరెంటు ఉన్నా సరే, రోజూ సాయంత్రం జనరేటర్ వేసి, నీళ్లలో గాలి కలిపే ఎరేటర్లు కాసేపు దాని మీద తిప్పి ఆపుతాడు. డీజిల్ దండగని పిన్ని గొణుగుతూనే ఉంటుంది.

ఒకసారి బాగా ముసురు పట్టింది. పగలు ఎండ లేకపోతే నీళ్లలో ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని నాచు, ఆక్సిజన్ సరిగా ఇవ్వదు, రాత్రయితే ఉన్నది కూడా అదే పీల్చేస్తుంది. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయింది. మాది వెంటనే అందుకుంది. పక్క చెరువాయన జనరేటర్ ఉలకదు, పలకదు. మనిషి మాత్రం మహా ధైర్యవంతుడు. చదరపు మీటరుకు 60 రొయ్య పిల్లలకు మించి వేయకూడదని రూలుంటే, అది పిరికివాళ్ల కోసమంటాడు. టార్చి వేసి చూస్తే రొయ్యలు తేలి గట్టు వెంట చేరిపోతున్నాయి. వాళ్లు ఆక్సిజన్ బిళ్లలు చల్లుతుంటే, బాబాయి ట్రాక్టర్ బ్యాటరీ విప్పి మోసుకెళ్లి బిగించాడు. కొంత పోయింది, కొంత దక్కింది. తెల్లారాక పక్క చెరువాయన టీ తాగుతూ, "నా టైమ్ బాలేదండి" అన్నాడు. బాలేనిది బ్యాటరీ!

సంక్రాంతి పందెం కోడికి నెలల తరబడి బాదంపప్పు పెట్టి మేపుతారు మావాళ్లు. లక్షలు పోసిన చెరువు దగ్గర జనరేటర్ చూసుకోమంటే మాత్రం నామోషీ.

మీ ధైర్యం వేరేచోట పనికొస్తుంది. 1990లలో టైగర్ రొయ్యను తెల్లమచ్చ వైరస్ తుడిచిపెట్టేసింది. 2009లో అనుమతి వచ్చాక వనామీతో మళ్లీ లేచారు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరితే ఇక్కడ గట్టు మీద రైతు ఏం చేయగలడు? ఆ దెబ్బ తట్టుకునే డబ్బు పక్కన ఉంటేనే దిగండి. వైరస్ లేదని పీసీఆర్ టెస్టు చేయించని పిల్ల ఎంత చవగ్గా వచ్చినా వద్దనండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఒక పంట ఎవరి చెరువులోనైనా వాటా పెట్టి, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి రాత్రిళ్లు గట్టు మీద పడుకోండి. సొంతంగా లీజు రాసుకునేటప్పుడు పాత కరెంటు బాకీ ఎవరు కట్టాలో కాగితంలో పెట్టించండి. అడిగితే "మన మధ్య కాగితాలేంటండీ" అంటారు. అయినా రాయించండి.