డైలు, ట్యూమర్ కణాలు, ఆక్సిజన్: కెమిస్ట్రీ వదిలేయాలా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కొన్ని డైలు ట్యూమర్ కణాలను చంపుతాయని, ఆక్సిజన్ తగ్గితే వాటి ప్రభావమూ తగ్గుతుందని చదివాను. ఇందులో పరిశోధన చేయాలని ఉంది. బయాలజీకి మారాలా?

జవాబు: అక్కర్లేదు. మీరు చదివింది ఫొటోడైనమిక్ థెరపీ గురించి, అంటే డై ఇచ్చి, దానిమీద కాంతి వేసి ట్యూమర్ కణాలను చంపే చికిత్స గురించి అయి ఉంటుంది. దానికి ఆయువుపట్టు కెమిస్ట్రీయే. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, అక్రిడిన్ అనే డై కలిపిన నీళ్లలో పారమీషియాలు (ఏకకణ జీవులు) వెలుతురు పడ్డప్పుడు త్వరగా చచ్చిపోతాయని ప్రకటించాడు. ఆక్సిజన్ కూడా ఉండాలని ఆయన ప్రొఫెసర్ టాపైనర్ తర్వాత తేల్చారు.

కాంతిని పీల్చుకున్న డై అణువు ట్రిప్లెట్ అనే, కాస్త ఎక్కువసేపు నిలిచే ఉత్తేజిత స్థితికి చేరి, ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి ఇస్తుంది. అలా పుట్టిన, చురుకైన సింగ్లెట్ ఆక్సిజన్ ఎంతో దూరం పోలేదు, పుట్టిన చోటే దెబ్బ కొడుతుంది. కాబట్టి డై మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగంలో) చేరిందా, కణత్వచంలో (కణం పైపొరలో) చేరిందా అన్నది కీలకం. చిక్కేమిటంటే, రక్తనాళాలకు దూరంగా ఉన్న ట్యూమర్ కణాలకు ఆక్సిజన్ అసలే తక్కువ. కాంతి మరీ తీవ్రంగా వేస్తే, రక్తం తెచ్చేలోపే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. అందుకే కాంతిని తగ్గించి, లేదా మధ్యలో ఆపి ఆపి వేసే పద్ధతులు వచ్చాయి. ఇలా ఆక్సిజన్‌కి శక్తినివ్వడం కాకుండా ఎలక్ట్రాన్ మార్పిడితో పనిచేసే టైప్-1 డైలు తక్కువ ఆక్సిజన్‌ను కొంత తట్టుకుంటాయి. కొత్తవాళ్లకు పని దొరికేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఎమ్మెస్సీలో ఫొటోకెమిస్ట్రీ గట్టిగా చదవండి, సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలను పెంచడం) చేత్తో నేర్చుకోండి. ఒకటి లేకుండా రెండోది అక్కరకు రాదు. కణాలు ఎన్ని బతికున్నాయో చెప్పే ఎంటీటీ పరీక్షనే చూడండి. బతికున్న కణాలు ఫార్మజాన్ అనే ఊదారంగు పదార్థాన్ని తయారుచేస్తాయి, ఆ రంగు ఎంత ఉందో యంత్రం కొలుస్తుంది. కణాలు పెంచే ప్లేటులోని బావిలో (చిన్న గుంటలో) మీ డై మిగిలిపోతే దాని రంగూ ఆ లెక్కలో కలుస్తుంది, చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. కడగకుండా, కణాల్లేని బావిని పోల్చి చూడకుండా వచ్చిన అంకెను నేనైతే నమ్మను. ఫాయిల్ చుట్టి చీకట్లో ఉంచిన ప్లేటు కూడా తప్పనిసరి, లేకపోతే చంపింది డైయా, కాంతి తోడైన డైయా అన్నది తేలదు.

ప్రాజెక్టుకు ల్యాబ్ వెతికేటప్పుడు అక్కడి సీనియర్లను ఒకటి అడగండి: కణాలకు ఎంత ఆక్సిజన్ ఇస్తున్నారు? గాలిలో 21 శాతం ఉంటుంది, ట్యూమర్ లోపల చాలాచోట్ల 1, 2 శాతం కూడా ఉండదు. హైపాక్సియా చాంబర్ (కణాలను తక్కువ ఆక్సిజన్‌లో ఉంచే పెట్టె) ఉన్న ల్యాబ్ దొరికితే, పేరు చిన్నదైనా అందులోనే చేరండి.