చైనా విద్యార్థులు అన్నిటికీ ‘మస్ట్’, ‘షుడ్’ ఎందుకు వాడతారు?

ప్రశ్న: తార్నాకలోని మా ఇంటి నుంచే చైనా విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ బోధిస్తున్నాను. ఖాళీలు పూరించమంటే ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ వంటి మోడల్ క్రియలన్నీ సరిగ్గా రాసేవారు, వ్యాసానికి వచ్చేసరికి ‘షుడ్’, ‘మస్ట్’, ‘విల్’ దాటి వెళ్లరు. చదివితే ఆజ్ఞాపిస్తున్నట్టు ఉంటుంది. ఇది వారి స్వభావమా, మాతృభాష ప్రభావమా?
– ఒక ఉపాధ్యాయురాలు, హైదరాబాద్

జవాబు: స్వభావమనుకుంటే ఆ పిల్లలకు అన్యాయం చేసినవారమవుతాం. చైనీస్‌లోనూ మోడల్ క్రియలు ప్రధాన క్రియకు ముందే వస్తాయి కనుక వాక్యంలో వాటి స్థానం వారికి కొత్త కాదు. చిక్కంతా అర్థాల దగ్గరే. ‘హ్వెయ్’ అన్న ఒక్క మాటే నేర్చుకున్న నైపుణ్యాన్నీ, జరగబోయేదాన్నీ చెబుతుంది. ఇంగ్లిష్‌లో అది ‘కెన్’, ‘విల్’గా విడిపోతుంది. ‘బీష్యూ’ తప్పనిసరి అన్న అర్థానికే పరిమితం, గట్టిగా ఊహించి చెప్పడానికి ‘యీడింగ్’ అని వేరే మాట ఉంది. అందువల్ల ‘మస్ట్’ అనగానే వారికి నియమమే తోస్తుంది తప్ప ఊహ తోచదు. ‘ఈపాటికి ఇంటికి చేరి ఉండాలి’ అనే అలవాటున్న మన పిల్లలకు ఈ మెట్టు కొంత తేలికని నా అభిప్రాయం. పైగా కాలాన్ని బట్టి క్రియారూపం మారని భాష వారిది కనుక ‘కుడ్’, ‘వుడ్’ గతాన్నే కాక మర్యాదనూ సందేహాన్నీ సూచిస్తాయన్నది ఆలస్యంగా వంటబడుతుంది.

హాంకాంగ్ విద్యార్థుల ఇంగ్లిష్ వ్యాసాలను బ్రిటిష్ విద్యార్థుల వ్యాసాలతో పోల్చిన పరిశోధకులు హైలాండ్, మిల్టన్‌లు 1997లోనే ఈ సంగతి రాశారు: హాంకాంగ్ విద్యార్థులు కొద్ది మాటలనే మళ్లీ మళ్లీ వాడుతూ, అవసరానికి మించిన నిశ్చయంతో చెబుతారు. చైనా కళాశాల ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌లో ‘లి హువా’ అనే కల్పిత విద్యార్థి పేరుతో ఉత్తరం రాయించడం పరిపాటి. సలహా ఇవ్వాల్సిన ఉత్తరమైతే ‘షుడ్’ వెంటనే చేతికందుతుంది.

కాబట్టి జాబితాలు కంఠస్థం చేయించవద్దు, ఆధారాన్ని మారుస్తూ వాక్యం చెప్పించండి. మీరు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎదురుచూస్తున్నారు, మిత్రుడు తార్నాకలో రైలెక్కాడని మాత్రమే తెలుసు: ‘హి మే బి నియర్ సికింద్రాబాద్.’ ఫోన్‌లో అతని వెనుక ‘తదుపరి స్టేషన్ బేగంపేట’ అన్న ప్రకటన వినిపించింది: ‘హి మస్ట్ బి నియర్ బేగంపేట.’ స్టేషన్ల పేర్లు వారి ఊరివి పెట్టుకోమనండి. ఆ తరువాత పాత వ్యాసాన్నే వెనక్కిచ్చి, ప్రతి ‘మస్ట్’ కిందా, ‘విల్’ కిందా తమ ఆధారమేమిటో పెన్సిల్‌తో రాయించండి; ఆధారం దొరకని చోట ‘మే’, ‘మైట్’ వారే వేసుకుంటారు. ‘వుడ్’ను మాత్రం ఇది కుదిరాకే మొదలుపెట్టండి.