ఒక ప్రవర్తనను ‘అసాధారణం’ అని దేన్నిబట్టి అంటారు? అబ్నార్మల్ సైకాలజీలో (మానసిక సమస్యలను అధ్యయనం చేసే శాస్త్రంలో) ఏ పరిశోధన పద్ధతి ఎప్పుడు పనికొస్తుంది?

మీరు రెండు సంగతులు అడిగారు. అసాధారణం అనడానికి కొలబద్ద ఏమిటన్నది ఒకటి. కేస్ స్టడీ (ఒక్క మనిషిని లోతుగా పరిశీలించడం), సహసంబంధం (రెండు విషయాలు కలిసి మారుతున్నాయా అని చూడటం), ప్రయోగం వీటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలన్నది రెండోది. పుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాలు. నిజానికి ఒకదాన్ని వదిలి ఇంకోటి అర్థం కాదు. సాధారణానికీ అసాధారణానికీ మధ్య గీత ఎక్కడ గీశామో దాన్నిబట్టి ఎవరు లెక్కలోకి వస్తారో తేలుతుంది. ఎవరు లెక్కలోకి వచ్చారో దాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. అందుకే రెండూ కలిపి చెబుతున్నాను.

నాలుగు ‘డీ’లు మీకు తెలిసే ఉంటాయి: డీవియన్స్, డిస్ట్రెస్, డిస్‌ఫంక్షన్, డేంజర్. అంటే నలుగురికీ భిన్నంగా ఉండటం, బాధ, రోజువారీ పనులు కుంటుపడటం, తనకో ఇతరులకో ప్రమాదం. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. అసామాన్యమైన జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లూ నలుగురికీ భిన్నమే, అది జబ్బు కాదు. మేనియా (ఉత్సాహం అదుపు తప్పి పెరిగే స్థితి) మొదట్లో మనిషికి బాధే తెలియకపోవచ్చు, పైగా హుషారుగా ఉంటాడు. మానసిక సమస్య ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరికీ ప్రమాదం కాదు కాబట్టి నాలుగోదాన్ని అన్నిటికంటే జాగ్రత్తగా వాడాలి. ఆచరణలో ఎక్కువ బరువు మోసేవి బాధ, పనులు కుంటుపడటం. భిన్నత్వం ఒక్కదాన్నే పట్టుకుంటే ఏమవుతుందో చరిత్రే చూపించింది. స్వలింగ సంపర్కాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో రుగ్మతల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని చేయడానికి 1990 దాకా పట్టింది.

ఇప్పుడు వాడుకలో ఉన్న గీతలు ప్రధానంగా రెండు పుస్తకాల్లో ఉన్నాయి: అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల డీఎస్ఎమ్-5 (2013, సవరణ 2022), ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసీడీ-11 (2022 నుంచి అమలు). డీఎస్ఎమ్ ప్రకారం మేజర్ డిప్రెషన్ అనాలంటే 9 లక్షణాల్లో కనీసం 5, కనీసం 2 వారాలు ఉండాలి. ఆ ఐదింటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పనిసరి. ఈ లెక్కలో 227 రకాల కలయికలు వస్తాయి. ఒకే పేరుతో నిర్ధారణ అయిన ఇద్దరిలో ఉమ్మడి లక్షణం ఒక్కటే ఉండవచ్చు. ‘డిప్రెషన్ గ్రూపు’ అని పేపర్లో కనిపిస్తే అందులో అందరూ ఒకేలాంటివాళ్లు అనుకోకండి.

ఇక విశ్వసనీయత. ఇద్దరు నిపుణులు ఒకే మనిషిని చూసి ఒకే మాట చెబుతారా అన్నది ప్రశ్న. ఇక్కడ శాతాలు మోసం చేస్తాయి. ఇద్దరు డాక్టర్లు 100 మందిని చూశారనుకోండి. ఒక్కొక్కరు 10 మందికి ‘ఉంది’ అన్నారు. ఇద్దరూ కలిసి ‘ఉంది’ అన్నది నలుగురికి, ఇద్దరూ ‘లేదు’ అన్నది 84 మందికి. ఏకాభిప్రాయం 88 శాతం, చూడటానికి బాగుంది. కానీ కళ్లు మూసుకుని చెప్పినా 82 శాతం కలుస్తుంది (0.1×0.1 + 0.9×0.9). యాదృచ్ఛికంగా కలిసేదాన్ని తీసేసి ఏకాభిప్రాయాన్ని కొలిచే సంఖ్యను కాపా అంటారు. ఇక్కడ కాపా విలువ (0.88−0.82)/(1−0.82), అంటే 0.33 మాత్రమే. డీఎస్ఎమ్-5 క్షేత్ర పరీక్షల్లో పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక రుగ్మత) కాపా 0.67 వచ్చింది, మేజర్ డిప్రెషన్‌కి 0.28. రోజూ వినే పేరు కాబట్టి నిర్ధారణ సులువు అనుకోవడం పొరపాటు. ఒక మాట గుర్తుంచుకోండి: ఇద్దరూ ఒకే మాట చెప్పినంత మాత్రాన ఆ మాట సరైనది కానక్కర్లేదు. అది సరైనదా అన్నది సప్రమాణత. విశ్వసనీయత లేకుండా సప్రమాణత ఉండదు గానీ, సప్రమాణత లేకుండా విశ్వసనీయత ఉండగలదు.

విద్యార్థుల ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ప్రశ్నావళి స్కోరునే నిర్ధారణగా రాసేయడం. డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి తీసుకోండి. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. డిప్రెషన్ ఉండవచ్చని అనుమానించడానికి సాధారణంగా వాడే హద్దు 10. 2001లో వచ్చిన మూల అధ్యయనంలో ఆ హద్దు దగ్గర సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంటుంది), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎంతమందికి లేదని చెబుతుంది) రెండూ 88 శాతం. ఇప్పుడు కాగితం మీద వేయండి. 1000 మంది మామూలు జనం, వాళ్లలో నిజంగా డిప్రెషన్ ఉన్నది 50 మందికి అనుకుందాం. పరీక్ష ఆ 50లో 44 మందిని పట్టుకుంటుంది. మిగతా 950లో 12 శాతం, అంటే 114 మందికి లేకపోయినా 10 దాటుతుంది. మొత్తం 158 మంది హద్దు దాటారు, అందులో నిజమైనవాళ్లు 44, అంటే సుమారు 28 శాతం. అదే ప్రశ్నావళిని 1000 మందిలో 400 మందికి జబ్బున్న క్లినిక్‌లో ఇస్తే 424 మంది హద్దు దాటుతారు, వాళ్లలో 352 మంది నిజమైనవాళ్లు, 83 శాతం. ప్రశ్నలు మారలేదు, హద్దు మారలేదు, జనం మారారు. కాబట్టి సర్వే చేసినప్పుడు ‘హద్దు దాటినవారు’ అని రాయండి, ‘డిప్రెషన్ ఉన్నవారు’ అని రాయకండి. నిర్ధారణ కావాలంటే హద్దు దాటినవాళ్లకు స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ (ముందే నిర్ణయించిన ప్రశ్నలతో ముఖాముఖి) చేయాల్సిందే.

ప్రివలెన్స్, ఇన్సిడెన్స్ తేడా చిన్నదే. మొదటిది ఇప్పుడు ఎంతమందికి ఉందో చెబుతుంది, రెండోది ఫలానా కాలంలో కొత్తగా ఎంతమందికి వచ్చిందో చెబుతుంది. త్వరగా తగ్గని జబ్బుకు ఇన్సిడెన్స్ తక్కువైనా ప్రివలెన్స్ పెరుగుతుంది. క్లినిక్‌లో కనిపించేదీ ఇలాంటి జనమే. త్వరగా కోలుకున్నవాళ్లు మళ్లీ రారు, దీర్ఘకాలం బాధపడేవాళ్లే పదే పదే కనిపిస్తారు. ఆ శాంపిల్‌ను మాత్రమే చూస్తే ఏ జబ్బైనా నయం కానిదిలాగే అనిపిస్తుంది. ‘జీవితంలో ఎప్పుడైనా వచ్చిందా’ అని ఒకేసారి అడిగినా చిక్కే, జనం మరచిపోతారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1037 మందిని దశాబ్దాలపాటు వెంటాడి పదే పదే అడిగితే, జ్ఞాపకం మీద ఆధారపడిన సర్వేల కంటే సుమారు రెట్టింపు మందికి మానసిక సమస్య వచ్చినట్టు తేలింది.

పద్ధతుల్లో కేస్ స్టడీ గురించి పొడుగ్గా చెప్పను. అరుదైన పరిస్థితిని వివరించడానికి, కొత్త ప్రకల్పన (పరీక్షించి చూడాల్సిన ఊహ) పుట్టించడానికి అది బంగారం. ‘ఈ కారణం వల్లే ఇలా జరిగింది’ అనడానికి మాత్రం పనికిరాదు. సహసంబంధం −1 నుంచి +1 దాకా ఉంటుంది. నిద్రలేమికీ ఆందోళనకూ మధ్య 0.5 వచ్చిందంటే ఏది దేనికి కారణమో తెలియదు, మూడో కారణం రెంటినీ నడిపిస్తూ ఉండవచ్చు. ముందు ఏది వచ్చిందో తెలియాలంటే అదే మనుషులను కొంతకాలం తర్వాత మళ్లీ కొలవాలి. అయినా మూడో కారణం సమస్య పూర్తిగా పోదు.

ప్రయోగం దగ్గర కాస్త ఆగుదాం. చికిత్సకు ముందు కొలిచి, తర్వాత కొలిచి, స్కోరు తగ్గింది కాబట్టి చికిత్స పనిచేసిందని రాసేవాళ్లు చాలామంది. స్కోరు 20 దాటినవాళ్లను ఏరుకుని, ఏమీ చేయకుండా 8 వారాల తర్వాత కొలిచినా సగటు తగ్గుతుంది. మనిషి అధ్వానంగా ఉన్న రోజునే పట్టుకున్నాం కాబట్టి తర్వాతి కొలత సగటు వైపు జారుతుంది. కొందరికి ఎపిసోడ్ (జబ్బు తిరగబెట్టిన దశ) దానంతట అదే ముగుస్తుంది. ఎవరో పట్టించుకుంటున్నారన్న ఊరట కూడా కొంత తగ్గిస్తుంది. చికిత్స గ్రూపు 22 నుంచి 15కి, వెయిటింగ్ లిస్ట్ గ్రూపు (ఇంకా చికిత్స ఇవ్వకుండా వేచి ఉంచినవాళ్లు) 22 నుంచి 17కి వచ్చిందంటే చికిత్స వాటా 7 కాదు, 2. అదీ ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి ఉంటేనే. ఇష్టపడి వచ్చినవాళ్లను చికిత్స గ్రూపులో వేస్తే మొదటి రోజే పోలిక చెడిపోయినట్టు. స్కోరు వేసే మనిషికి ఎవరు ఏ గ్రూపో తెలియకూడదు. మధ్యలో మానేసినవాళ్లను తీసేయకండి. 30 మందిలో 10 మంది మానేస్తే, మిగిలిన 20 మంది తరచుగా బాగుపడుతున్నవాళ్లే. మొదట కేటాయించిన 30 మందినీ విశ్లేషణలో ఉంచాలి.

ఒకరిద్దరితోనే పని చేయాల్సి వస్తే ఏబీఏబీ డిజైన్ ఉంది. చికిత్స లేకుండా కొలవాలి, పెట్టి కొలవాలి, తీసి కొలవాలి, మళ్లీ పెట్టి కొలవాలి. ఒక్కో దశలో కనీసం 5 కొలతలు ఉంటేనే గ్రాఫు ఎటు నడుస్తోందో కనిపిస్తుంది. నేర్చుకున్న నైపుణ్యాన్ని వెనక్కి తీసుకోలేం, తనను తాను గాయపరచుకునే మనిషికి చికిత్స ఆపకూడదు. అలాంటి చోట మల్టిపుల్ బేస్‌లైన్ వాడాలి: రెండు మూడు ప్రవర్తనలకు చికిత్సను వేర్వేరు సమయాల్లో మొదలుపెట్టి, ఎప్పుడు మొదలుపెట్టామో అప్పుడే మార్పు వస్తోందా అని చూడాలి.

కారణాల విషయంలో డయాథెసిస్-స్ట్రెస్ నమూనా ఇప్పటికీ పనికొచ్చే చట్రమే: లోపలి బలహీనత ఒకవైపు, బయటి ఒత్తిడి మరోవైపు. కానీ దానికి చూపే ఉదాహరణను సరిచూసుకోండి. సెరోటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ జన్యువు, ఒత్తిడి కలిస్తే డిప్రెషన్ ముప్పు పెరుగుతుందని 2003లో 847 మందితో చేసిన అధ్యయనం ఇప్పటికీ చాలా నోట్సుల్లో ఉంది. 2019లో ఎన్నో రెట్లు పెద్ద శాంపిళ్లతో చూస్తే ఆధారం దొరకలేదు. ఒక్కో జన్యువు ప్రభావం అతి స్వల్పం కాబట్టి కొన్ని వందల మందిలో అది నిజంగా కనిపించే అవకాశం చాలా తక్కువ.

మీ ప్రాజెక్టులో పీహెచ్‌క్యూ-9 వాడేట్టయితే తొమ్మిదో ప్రశ్న సంగతి ముందే తేల్చుకోండి. అది చనిపోవాలన్న, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనల గురించి. ఎవరైనా అక్కడ 1 లేదా అంతకంటే ఎక్కువ పెడితే అదే రోజు ఎవరు మాట్లాడతారు, ఎక్కడికి పంపుతారు అన్నది ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితంలో ఉండాలి. పేర్లు లేకుండా ఆన్‌లైన్ ఫారం పంపితే ఆ మనిషిని చేరుకునే దారే ఉండదు. అలాంటప్పుడు ఆ ప్రశ్న లేని పీహెచ్‌క్యూ-8 వాడండి. మొత్తం 24, హద్దు అదే 10. సహాయం దొరికే చోటు వివరాలు మాత్రం ఫారం చివర, ఏ స్కోరు వచ్చినా అందరికీ కనిపించేలా పెట్టండి.