ఖాళీ డిస్కును గుర్తించని డ్రైవ్ గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నీ కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో సినిమా డిస్కు పెడితే చక్కగా ఆడుతోందనీ, ఖాళీ డీవీడీ పెడితే మాత్రం డిస్కే లేదన్నట్టు మళ్ళీ మళ్ళీ అడుగుతోందనీ రాశావు. నానమ్మ పాటలు డిస్కుకు ఎక్కించాలని కూర్చున్న రోజే ఇలా కావడం ఎంత విసుగో నాకు తెలుసు. అయినా డ్రైవ్ పోయిందని అప్పుడే తీర్మానించుకోకు. ఇదే లక్షణం చూసి నేను ఒకసారి పాత డ్రైవ్‌ను తీసి పారేశాను. కొత్తది బిగించాక అది కూడా ఆ డిస్కులను గుర్తించలేదు. లోపం డిస్కుల్లో ఉందని అప్పుడు తెలిసింది. ఆ పారేసిన డ్రైవ్ ఇప్పటికీ గుర్తొస్తుంది.

రాసి ఉన్న డిస్కును చదవడం వేరు, ఖాళీ డిస్కును గుర్తుపట్టడం వేరు. అచ్చువేసిన సినిమా డిస్కు లేజర్ వెలుగును బాగా తిప్పికొడుతుంది. ఖాళీ డిస్కులో ఉండేది రంగు పూత, దానికింద సుడిగా సాగే సన్నని గాడి. ఆ గాడి సాఫీగా పోదు, కంటికి అందనంత స్వల్పంగా అటూ ఇటూ ఊగుతూ పోతుంది. డిస్కు ఏ రకం, ఎవరు తయారుచేశారు, ఎంత వేగంతో రాయవచ్చు అన్న వివరాలు ప్లస్ ఆర్ రకంలో (పెట్టె మీద DVD+R అని ఉంటుంది) ఆ ఊగులోనే ఉంటాయి. మైనస్ ఆర్ రకంలో (DVD-R) గాడుల నడుమ వేసిన చిన్న గుంటల్లో ఉంటాయి. డ్రైవ్ ముందు వాటిని చదువుకుని, ఆ డిస్కుకు ఎలా రాయాలో తన ఫర్మ్‌వేర్‌లో, అంటే తనను నడిపించే లోపలి ప్రోగ్రాములో, వెతుక్కుంటుంది. లెన్స్ మీద దుమ్ము పేరుకున్నా, లేజర్ కాస్త నీరసించినా మొదట దెబ్బతినేది ఈ సున్నితమైన పనే. సినిమా ఆడుతోంది కాబట్టి డ్రైవ్ బాగుందనీ అనుకోలేం, ఖాళీ డిస్కు తెలియడం లేదు కాబట్టి పోయిందనీ అనుకోలేం.

మొదట డ్రైవ్ ముఖం మీద ఏం రాసి ఉందో చూడు. కొన్ని పాత డ్రైవ్‌లు డీవీడీలను చదవగలవు కానీ సీడీలకు మాత్రమే రాయగలవు. అలాంటిదైతే ఎంత వెతికినా లోపం దొరకదు. మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. 8.5 జీబీ పట్టే రెండు పొరల డిస్కును అన్ని డ్రైవ్‌లూ ఒప్పుకోవు. నువ్వు కొన్నది ఏదో దాని పెట్టె మీద ఉంటుంది.

ఆ తరువాత వేరే కంపెనీ ఖాళీ డిస్కు ఒక్కటి తెచ్చి పెట్టు. అన్నిటికన్నా ఎక్కువ చెప్పే పరీక్ష ఇదే, అందరూ చివరికి వదిలేసేదీ ఇదే. మైనస్ ఆర్ పని చేయకపోతే ప్లస్ ఆర్ పెట్టి చూడు. చౌక డిస్కుల్లోనూ, ఎండ తగిలిన చోట చాలాకాలం ఉన్నవాటిలోనూ రంగు పూత నమ్మదగింది కాదు. డిస్కు నిజంగా ఖాళీదేనా అన్నది కూడా వెలుతురులో వంచి చూడు. రాసినంత మేర వలయం వేరే ఛాయలో కనిపిస్తుంది.

ఒక ఖాళీ సీడీ కూడా పెట్టి చూడు. సీడీకి 780 నానోమీటర్ల లేజర్ కావాలి, డీవీడీకి 650 నానోమీటర్లది. డ్రైవ్‌లో ఈ రెండూ వేరువేరు, ఒకటి పోయినా రెండోది పని చేస్తూనే ఉండవచ్చు. ఖాళీ సీడీని గుర్తించి, మూడు నాలుగు రకాల ఖాళీ డీవీడీలలో ఒక్కదాన్నీ గుర్తించకపోతే నా అనుమానం డీవీడీ లేజర్ మీదికే పోతుంది.

ఆ మాట అనుకునే ముందు లెన్స్ తుడువు. ల్యాప్‌టాప్ డ్రైవ్ అయితే ట్రే లాగగానే లెన్స్ కనిపిస్తుంది. కంప్యూటర్ పూర్తిగా ఆపి, దూది చుట్టిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపి, నొక్కకుండా మెల్లగా తుడవాలి. లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది, చేతి బరువు పడకూడదు. ఆరాకే ట్రే మూయి. డిస్కు తుడవాల్సి వస్తే మధ్య నుంచి అంచుకు తుడువు, గుండ్రంగా రుద్దకు.

యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ అయితే కరెంటు సంగతి చూడు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. చదవడానికి సరిపోయినది రాయడానికి చాలకపోవచ్చు. మధ్యలో హబ్ (ఒక పోర్టును నాలుగైదుగా చీల్చే పెట్టె) ఉంటే తీసేసి, నేరుగా కంప్యూటర్‌కే తగిలించు.

ఇన్ని చూశాక కూడా మార్పు లేకపోతే అప్పుడు సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళు. విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేస్తే విండోస్ దాన్ని కొత్తగా చేర్చుకుంటుంది. డిస్కులు రాసే పాత ప్రోగ్రాములు రెండు మూడు ఉంటే ఒక్కటి ఉంచి మిగతావి తీసేయి. డ్రైవ్ తయారీదారు సైట్‌లో సరిగ్గా నీ మోడల్‌కే కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేసుకో. అది ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోకూడదు. విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ఏవో రెండు పేర్లు చెరిపేయమని చాలామంది చెబుతారు. ఆ చికిత్స ఎక్కువగా డ్రైవే కనిపించకుండా పోయినప్పటిది, నువ్వు దాని జోలికి వెళ్ళకు.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఏం జరిగిందో కాగితం మీద రాసి ఉంచు. డిస్కు గుర్తించాక తక్కువ వేగంతో రాయి. రాసిన డిస్కును వేరే కంప్యూటర్‌లో పెట్టి, నానమ్మ పాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తున్నాయని చూసుకునేవరకు ఫోనులోవి చెరిపేయకు.

ఇట్లు,
పెద్దనాన్న