ఇక్కడే పుట్టా, మరి నేను ఇక్కడివాణ్ణి కాదా?

ప్రశ్న: ఒక దేశంలో పుట్టి, అక్కడే చదువుకుని, ఆ భాష తప్ప ఇంకోటి రాని మనిషిని కూడా నువ్వు మావాడివి కాదు అనొచ్చా అండి? అసలు ఎవరు ఏ దేశం వాళ్ళో తేల్చేది ఎవరు?

జవాబు: అనొచ్చండి, అంటున్నారు కూడా. ఎవరు తమవాళ్ళో ఏ దేశానికి ఆ దేశమే చట్టం రాసుకుని తేల్చుకుంటుంది. మామూలుగా రెండు దార్లు, ఆ గడ్డ మీద పుడితే చాలు అనేది ఒకటి, అమ్మానాన్నల్ని బట్టి వచ్చేది ఇంకోటి. అమెరికా 1868లోనే మొదటిది రాజ్యాంగంలో రాసుకుంది, జర్మనీ మాత్రం 2000 దాకా రెండోదాన్నే పట్టుకుని కూర్చుంది, అందుకే అక్కడ పుట్టిన వలస కార్మికుల పిల్లలు పుట్టుకతో విదేశీయులే అయ్యారు.

నాకు మరీ బాధనిపించేది తేదీల సంగతి. బ్రిటన్ 1983 జనవరి 1 నుంచి రూల్ మార్చింది, అమ్మో నాన్నో పౌరులైనా అయ్యుండాలి లేదా అక్కడ పర్మనెంట్‌గా సెటిల్ అయినా ఉండాలి అని. అంటే టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళకి డిసెంబర్ 31 రాత్రి పుట్టిన బిడ్డ పౌరుడు, తెల్లారి పక్క బెడ్ మీద పుట్టిన బిడ్డ కాదు. ఒకే ఇంట్లో అన్నకి ఒక పాస్‌పోర్ట్, చెల్లికి ఇంకోటి. పదేళ్ళు అక్కడే పెరిగితే రిజిస్టర్ చేసుకునే వీలుందిలెండి, కానీ అది అప్లై చేసి తెచ్చుకోవాల్సిందే.

అమ్మల విషయం ఇంకా అన్యాయం. ఖతార్, కువైట్ లాంటి చోట్ల తండ్రి ఇచ్చినట్టు తల్లి తన పౌరసత్వం బిడ్డకి ఇవ్వలేదు, నవమాసాలు మోసి కన్నా సరే.

ఇక మీరడిగిన దానికి సరిగ్గా సరిపోయేది కరీబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్. 2013లో అక్కడి రాజ్యాంగ కోర్టు, 1929 నుంచి పుట్టినవాళ్ళలో తల్లిదండ్రులకి సరైన కాగితాలు లేనివాళ్ళు అసలు పౌరులే కాదంది. వాళ్ళలో ఎక్కువమంది పక్క దేశం హైతీ నుంచి చెరకు తోటల పనికొచ్చినవాళ్ళ పిల్లలు, కొందరైతే మనవలు, హైతీ మొహం కూడా చూడనివాళ్ళు. గోలయ్యాక 2014లో కొత్త చట్టం తెచ్చి, పుట్టుక రిజిస్టరైన వాళ్ళకి పౌరసత్వం తిరిగిచ్చారు. రిజిస్టర్ కానివాళ్ళని మాత్రం ముందు విదేశీయులమని నమోదు చేయించుకుని, రెండేళ్ళాగి పౌరసత్వానికి అప్లై చేసుకోమన్నారు, పుట్టిన దేశంలోనే.